టాక్సీ స్టాండు కారుకీ రేసు కారుకీ ఎంత దూరం?

ఖమ్మం, భద్రాచలం, జంగారెడ్డిగూడెం దారులు కలిసే అశ్వారావుపేటలో టయోటా ఈటియోస్ అంటే కిరాయి కారు. పెళ్లికైనా, ఖమ్మం ఆసుపత్రికైనా, రాములవారి దర్శనానికైనా దాన్నే మాట్లాడుకుంటారు. 2010 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చిన ఆ కారు తయారీ 2020లో ఆగిపోయింది. అయినా పామాయిల్ తోటల మధ్య రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2012, 2013 సంవత్సరాల్లో టయోటా సంస్థ ఆ ఈటియోస్‌నే రేసులకు దింపింది. బాడీ అదే, 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ కూడా అదే. లోపల సీట్ల స్థానంలో ఉక్కు పైపుల పంజరం, ఒకే ఒక్క డ్రైవరు. అంతే తేడా అనిపిస్తుంది గానీ, ఆ తేడాలో ఒక పెద్ద క్రీడ చరిత్రంతా ఇమిడి ఉంది.

సెడాన్ అంటే నాలుగు తలుపులు, వెనక విడిగా డిక్కీ ఉన్న సంసారపక్షపు కారు. అలాంటి కార్లను నిబంధనల మేరకు మార్చి, మూసిన ట్రాక్ మీద ఒకదానితో ఒకటి పోటీకి పెట్టడాన్నే టూరింగ్ కార్ రేసింగ్ అంటున్నారు. కారును ఎంతవరకు మార్చవచ్చు? ఆ ఖర్చు ఎవరు భరించాలి? ట్రాకులకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనకు దీనితో పనేమిటి? ఈ మూడు ప్రశ్నలనూ కలిపి చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ క్రీడను బతికించేది వేగం కాదు, షోరూమ్ కారుతో దానికున్న చుట్టరికం. ఆ చుట్టరికం నిలిచినంతకాలం జనం వచ్చారు, డ్రైవర్లు పుట్టారు, మెకానిక్కులకు పని దొరికింది. అది పలచబడ్డ ప్రతిచోటా ఖర్చు పెరిగి పోటీ కూలింది. తెలుగు నేల మీద మోటారు క్రీడ వేళ్లూనాలంటే మొదలుపెట్టాల్సింది కూడా ఇలాంటి మామూలు కారుతోనే.

ఏం తీస్తారు, ఏం పెడతారు

రేసు కారు తయారీలో మొదటి పని తీసేయడం. వెనక సీట్లు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు, ఏసీ, మ్యూజిక్ సిస్టమ్ అన్నీ బయటికి వస్తాయి. బరువు తగ్గిన కారు త్వరగా పరుగందుకుంటుంది, త్వరగా ఆగుతుంది, మలుపులో టైరును తక్కువ అరగదీస్తుంది. రూపాయి ఖర్చు లేకుండా దొరికే వేగం ఇదే.

రెండో పని ప్రాణరక్షణ. రోల్ కేజ్ అనే ఉక్కు పంజరాన్ని లోపల బిగిస్తారు. అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధన ప్రకారం డ్రైవరు వెనకనుండే ప్రధాన కమాను అతుకు లేని ఉక్కు పైపుతో ఉండాలి. దాని వ్యాసం 45 మిల్లీమీటర్లైతే గోడ మందం కనీసం 2.5 మిల్లీమీటర్లు. కారు పల్టీ కొట్టినా డ్రైవరు చుట్టూ జాగా మిగలడం దాని ధర్మం. అది బాడీని బిగువుగా కూడా ఉంచుతుంది కాబట్టి సస్పెన్షన్ చెప్పినట్టు పనిచేస్తుంది. ఒంటిని ఒరుసుకుని పట్టుకునే బకెట్ సీటు, అనేక పట్టీల బెల్టు, మంటలార్పే సిలిండరు, బయటినుంచి కూడా కరెంటు కట్ చేసే స్విచ్చి ఆ తర్వాత వస్తాయి.

మూడోది బ్రేకులు. కొత్తగా ట్రాక్ మీదికి వచ్చినవాళ్లు ముందు ఇంజిన్ గురించి అడుగుతారు, కొన్ని ల్యాపులు తిరిగాక బ్రేకుల గురించి అడుగుతారు. రోడ్డు కారు ప్యాడ్లు వరుసగా గట్టిగా నొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. పాత ఆయిల్ వేడికి మరిగి, లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే రేసు కారులో ప్యాడ్లు, ఆయిల్, బ్రేకులకు గాలి తగిలే గొట్టాలు మారతాయి. షాకబ్జార్లు, స్ప్రింగులు గట్టివి పడతాయి, కారు నేలకు దగ్గరవుతుంది, మెత్తని రబ్బరు బుష్‌ల చోట గట్టివి వస్తాయి.

ఇంజిన్‌లో మార్పు చాలా తరగతుల్లో తక్కువే. మన దేశంలో తిరిగే సెడాన్లలో అధిక భాగం ముందు చక్రాలు లాగేవి. బండిని లాగే పనీ, తిప్పే పనీ రెండూ ముందు టైర్ల మీదే పడతాయి. మలుపులో ఆత్రపడి యాక్సిలరేటర్ నొక్కితే కారు తిరగకుండా ఎదురుగా జారిపోతుంది, టైరు కాలిపోతుంది. మొదటి ల్యాపుల్లో టైరును కాపాడుకున్నవాడే చివరి ల్యాపుల్లో ముందుకొస్తాడు. అంటే ఇది డబ్బు కన్నా ఓర్పు, నేర్పు ఎక్కువ పనిచేసే పోటీ. టూరింగ్ కార్లకున్న అసలు ఆకర్షణ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

గెలుపోటములు నిబంధనల్లోనే

షోరూమ్ కారు ఎంతవరకు షోరూమ్ కారు? ఈ తగాదా చాలా పాతది. 1949 జూన్ 19న అమెరికాలోని షార్లెట్‌లో నాస్కార్ సంస్థ మార్పులు చేయని కార్లకు మాత్రమే అంటూ తొలి పోటీ పెట్టింది. ముందుగా గీత దాటినవాడు గ్లెన్ డనవే. తనిఖీలో అతని ఫోర్డు కారు వెనక స్ప్రింగులను మార్చినట్టు తేలడంతో గెలుపు రద్దయి, లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌కు దక్కింది. సొంత కారుతో వచ్చిన మామూలు మనిషికి న్యాయం జరగాలంటే తనిఖీ కచ్చితంగా ఉండాలని ఆ రోజే తేలిపోయింది.

బ్రిటన్‌లో సెలూన్ కార్ల చాంపియన్‌షిప్ 1958లో మొదలైంది. ఏడాది చివర జాక్ సియర్స్, టామీ సోప్‌విత్ సమాన పాయింట్లతో నిలిచారు. నిర్వాహకులు ఒకేరకం రైలీ కార్లు రెండు తెచ్చి, ఒక పందెం నడిపించి, కార్లు మార్పించి, రెండో పందెం పెట్టారు. రెండు సమయాలూ కలిపితే సియర్స్ సెకన్ల తేడాతో గెలిచాడు. కారు బలాన్ని పక్కనపెట్టి మనిషి బలాన్ని కొలవడానికి ఇంతకన్నా సూటి పద్ధతి లేదు. 1984 మే నెలలో కొత్త నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ ప్రారంభోత్సవానికి మెర్సిడెస్ సంస్థ పేరున్న డ్రైవర్లందరికీ ఒకేరకం 190ఈ సెడాన్లు ఇచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. ప్రపంచ విజేతల మధ్య గెలిచింది అప్పుడే ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన అయిర్టన్ సెన్నా.

1982 నుంచి ఎఫ్ఐఏ గ్రూప్ ఏ నిబంధనల కింద కంపెనీ ఒక ఏడాదిలో ఆ మోడల్ కార్లు 5,000 తయారు చేస్తేనే రేసుకు అర్హత. దాంతో రేసులో గెలవాలనుకున్న కంపెనీ ఆ మంచి భాగాలను మామూలు కొనుగోలుదారుడికీ అమ్మాల్సి వచ్చింది. క్రీడ వల్ల వినియోగదారుడు నేరుగా లాభపడ్డ కాలమిది.

1990ల్లో వచ్చిన సూపర్ టూరింగ్ తరగతి ఈ క్రీడకు స్వర్ణయుగం, అదే సమయంలో పెద్ద హెచ్చరిక. రెండు లీటర్ల ఇంజిన్, టర్బో వద్దు, నిమిషానికి 8,500 చుట్లు దాటకూడదు, కారు నాలుగు తలుపులది కావాలి. నిబంధన సులువుగా ఉండటంతో ఫోర్డు, నిస్సాన్, హోండా, వోల్వో, ఆడి, బీఎండబ్ల్యూ అన్నీ వచ్చాయి. 1994లో బ్రిటిష్ పోటీలో ఆల్ఫా రోమియో సంస్థ తన 155 మోడల్‌కు ముందు బంపరు పెదవి, వెనక రెక్క పొడిగించుకునేలా ప్రత్యేక రకాన్ని అమ్మి, ట్రాక్ మీద ఆ పొడిగింపు వాడింది. ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు, ఆల్ఫా జట్టు అలిగి ఔల్టన్ పార్క్ రేసు నుంచి వెళ్లిపోయి మళ్లీ వచ్చింది. చివరికి టైటిల్ ఆ జట్టు డ్రైవరు గాబ్రియెలె తార్కినీకే దక్కింది. ఆ తర్వాతి ఏడాది రెక్కలు అందరికీ వచ్చాయి. గాలి సొరంగాల్లో పరీక్షలు, ఇంజిన్‌ను కిందికి వెనక్కి జరిపే లెక్కలు, ఏటేటా పెరిగే బడ్జెట్లు మొదలయ్యాయి. 2000 నాటికి బ్రిటిష్ పోటీలో కంపెనీలు మూడే మిగిలాయి. ఫోర్డు, హోండా, వాక్స్‌హాల్. ఆ ఏడాదితో అక్కడ ఆ తరగతి ముగిసింది. బయటికి మామూలు కారులా కనిపిస్తూ లోపల వేరే యంత్రంగా మారిపోయిన కారును మామూలు జట్టు కొనలేకపోయింది. కూలిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఆ పాఠం నుంచి పుట్టిందే టీసీఆర్. మార్చెల్లో లొత్తి రూపొందించిన ఈ నిబంధనలు 2015లో పోటీకి వచ్చాయి. ముందు చక్రాల కారు, గరిష్ఠంగా రెండు లీటర్ల టర్బో ఇంజిన్, నాలుగు లేదా ఐదు తలుపుల ఉత్పత్తి బాడీ, కారు ధరకు పరిమితి. కంపెనీ కారు తయారు చేసి అమ్ముతుంది, పోటీకి దిగేవి ప్రైవేటు జట్లు. వేగంలో ముందున్న కారుకు బరువు పెంచి, వెనకబడ్డదానికి తగ్గించి సరిచేస్తారు. బరువు తగిలించి గెలుపును తగ్గించడం అన్యాయమని కొందరి వాదన. ఆ వాదనలో బలముంది. కానీ సమానం చేయకుండా ఖర్చుల పోటీకి వదిలేస్తే ఏమవుతుందో 2000లో చూశాం. 1994లో ఆల్ఫా నడిపిన తార్కినీయే 2018లో, 56 ఏళ్ల వయసులో, ఈ నిబంధనల కింద తయారైన హ్యుందయ్ కారుతో ప్రపంచ టూరింగ్ కార్ కప్ గెలిచాడు. నేర్పుకు విలువ ఇచ్చే నిబంధనలైతే అనుభవం వృథా పోదు.

షోలవరం నుంచి ఇరుంగట్టుకొట్టై దాకా

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి పక్కన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే ఉంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వేనే దశాబ్దాల పాటు రేసు ట్రాక్‌గా వాడింది. అక్కడ పరుగెత్తినవి ఎక్కువగా ఆనాటి మన రోడ్ల మీద కార్లే, ఫియట్ 1100, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్. దిగుమతులకు ఆంక్షలున్న కాలం. విడిభాగం కావాలంటే లేత్ మిషను మీద చేసుకోవాల్సిందే. కార్బురేటర్ సరిచేయడం, హెడ్డు కోయించి కంప్రెషన్ పెంచడం, వాల్వులు నూరడం, ఇవన్నీ చేతి పని. దేశంలో రేసింగ్ మెకానిక్కుల ఒక తరం ఆ కొరతలోనే తయారైంది.

1990లో అదే క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకొట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ తెరిచింది. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ 1988లోనే మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు కారు తయారు చేశారు. నారాయణ్ కార్తికేయన్ వంటి డ్రైవర్లు పాఠాలు నేర్చింది ఆ తరగతిలోనే. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయిన కరివర్ధన్ పేరుతోనే ఇప్పుడు అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఆయన పనిలో గమనించాల్సింది ఒకటే. విదేశీ ఇంజిన్ కోసం ఎదురుచూడకుండా వీధిలో దొరికే ఇంజిన్ పట్టుకున్నారు.

టూరింగ్ కార్లలో ఆ పాత్ర మారుతి ఎస్టీమ్‌ది. తేలికైన బాడీ, 1.3 లీటర్ల ఇంజిన్, ఎక్కడైనా దొరికే విడిభాగాలు. తర్వాత హోండా సిటీ వచ్చింది. ఈ తరగతుల్లో కోయంబత్తూరుకు చెందిన అర్జున్ బాలు పలుమార్లు జాతీయ విజేత. ర్యాలీల్లో మిత్సుబిషి సీడియా సెడాన్ చాలాకాలం ముందు నిలిచింది. ఈ కార్లలో చాలావరకు పోటీలోకి వచ్చింది సెకండ్ హ్యాండ్ మార్కెట్ నుంచి, చిన్న గ్యారేజీల నుంచి. అందుకే వయసు మళ్లినా ట్రాక్ మీద ఏళ్ల తరబడి నిలిచాయి.

2010లో ఫోక్స్‌వాగన్ పోలో కప్‌తో మరో దారి తెరుచుకుంది. ఒకే కంపెనీ, అందరికీ ఒకేరకం కారు, కంపెనీ మెకానిక్కులే చూసుకుంటారు. తొలి పోలోలకు 1.6 లీటర్ల డీజిల్ ఇంజిన్, సుమారు 130 హార్స్‌పవర్. తర్వాత వెంటో సెడాన్, 2017లో బుల్లి సెడాన్ అమియో వచ్చాయి. అమియో రేసు కారులో 1.8 లీటర్ల టర్బో ఇంజిన్ 200 హార్స్‌పవర్ దాటింది. దుకాణంలో దొరికే అమియోలో ఆ ఇంజిన్ లేదు. చుట్టరికం ఇక్కడ కూడా కొంత పలచబడింది. ఈటియోస్ రేసులు ఇదే కోవలోవి, కాకపోతే ఇంజిన్ మాత్రం ఇంటి కారుదే.

ఈ కప్పుల వల్ల మేలు చాలానే జరిగింది. కుర్రాడు కారు కొనకుండానే సీటు అద్దెకు తీసుకుని పోటీ పడగలిగాడు. భద్రత మెరుగుపడింది. సమాన కార్లు కాబట్టి గెలుపు నేర్పుకు దక్కింది. లోటు మరోచోట ఉంది. కారు కంపెనీది, సరుకు కంపెనీది, నిర్ణయం కంపెనీది. మోడల్ అమ్మకం ఆగితే కప్పూ ఆగుతుంది. అమియో 2020లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది, ఈటియోస్ కూడా అదే ఏడు. ఎస్టీమ్ తయారీ 2007లో ఆగినా రేసుల్లో బతికిందంటే దాన్ని నిలబెట్టింది గ్యారేజీలు. కంపెనీ కప్పు డ్రైవర్లను తయారు చేసింది, మెకానిక్కులను మాత్రం కారుకు దూరంగా ఉంచింది. చిన్న ఊళ్లకు చేరాల్సిన లాభం అక్కడే ఆగిపోయింది.

తెలుగు నేల లెక్క

మన దగ్గర ఆసక్తి లేదనడం తప్పు. 2022 నవంబరు, డిసెంబరు నెలల్లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ పోటీలు పెట్టారు. 2023 ఫిబ్రవరి 11న అదే వీధుల్లో విద్యుత్ కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ ఫార్ములా ఈ జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2013 ఫార్ములా వన్ గ్రాండ్ ప్రి తర్వాత దేశంలో జరిగిన తొలి ఎఫ్ఐఏ ప్రపంచ చాంపియన్‌షిప్ కార్ల రేసు అది. 2024లో జరగాల్సిన రెండో పోటీ రద్దయింది. వీధులకు కంచెలు కట్టి, రెండు రోజులు నడిపి, విప్పేసే ట్రాక్ మీద మన కుర్రాళ్లు మర్నాడు సాధన చేయలేరు. పండుగ జరిగింది గానీ బడి కట్టలేదు. టూరింగ్ కార్ల జాతీయ పోటీలు ప్రధానంగా తమిళనాడులోనే నడుస్తూ వచ్చాయి. అశ్వారావుపేట నుంచి ఇరుంగట్టుకొట్టై దాదాపు 600 కిలోమీటర్లు. కారును లారీలో వేసుకుని అంత దూరం పోయి సాధన చేసే స్తోమత ఎందరికుంది?

మన బలం వేరేచోట ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ దించడం, బోరు చేయించడం, డెంటింగ్, లేత్ పని, ఏది కావాలన్నా చేసే చేతులున్నాయి. దేశీయ రేసులకు టైర్లిచ్చే ఎమ్మారెఫ్ సంస్థ కర్మాగారం సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఉంది. అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో పామాయిల్ గెలల ట్రాక్టర్లను, కిరాయి కార్లను వర్షాకాలపు గుంతల రోడ్ల మీద నడిపించే మెకానిక్ షెడ్లున్నాయి. సస్పెన్షన్ ఎక్కడ దెబ్బతింటుందో వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. ఇప్పుడు కొనేవాళ్ల మోజు ఎస్‌యూవీల వైపు మళ్లడంతో పాత సెడాన్లు తక్కువ ధరకు వస్తున్నాయి. నేలకు దగ్గరగా ఉండే సెడాన్ మలుపులో ఎస్‌యూవీ కన్నా నిలకడగా ఉంటుంది. రేసు నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి సమయం రాదు.

ఒక విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. రేసు రోడ్డు మీద జరగకూడదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రభుత్వ అనుమతి లేని పందేలను నిషేధించింది. తొలిసారి దొరికితే 5,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చిన కారును రోడ్డెక్కించడమూ కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో, అనుమతితో జరుగుతున్న జాతీయ ర్యాలీలోనే, బైక్ మీద అడ్డొచ్చిన ఒకే కుటుంబంలోని ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. పశువులు, పాదచారులు, ఆటోలు నిత్యం తిరిగే అటవీ సరిహద్దు దారుల్లో వేగ పందెం ఊహించడమే నేరం. రేసు కారు ట్రక్కు మీద ట్రాక్‌కు వెళ్లాలి, ట్రక్కు మీదే ఇంటికి రావాలి.

అశ్వారావుపేటలో ఏది సాధ్యం

ఇక్కడ ఫార్ములా ట్రాక్ కట్టమనడం అర్థం లేని కోరిక. ఆటోక్రాస్ సాధ్యం. చదును చేసిన ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి మలుపులు ఏర్పాటు చేస్తారు. ఒకసారికి ఒకే కారు. గడియారంతోనే పోటీ, పక్క కారును గుద్దే ప్రశ్నే లేదు. భారత మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్య నిబంధనలున్నాయి, లైసెన్సు పద్ధతి ఉంది, జాతీయ స్థాయి పోటీలూ ఉన్నాయి. కావలసింది మైదానం, ప్రేక్షకులను దూరంగా ఉంచే పటిష్ఠమైన కంచె, అంబులెన్సు, ఫైర్ సిబ్బంది, హెల్మెట్లు, రోల్ కేజ్ వేసిన రెండు మూడు పాత సెడాన్లు. అవి క్లబ్బుకు చెందాలి, పోటీదారులందరూ అవే నడపాలి. 1958లో రైలీ కార్లతో తేల్చుకున్న న్యాయం ఇక్కడా వర్తిస్తుంది. అప్పుడు తండ్రి జేబు కాకుండా పిల్లల నేర్పు గెలుస్తుంది, కోయ గూడెం నుంచి వచ్చిన అమ్మాయికీ వ్యాపారి కొడుక్కీ ఒకే స్టీరింగు దొరుకుతుంది.

అంతకన్నా ముఖ్యం, కార్ల పని స్థానిక మెకానిక్కుల చేతిలోనే ఉండాలి. ఐటీఐ విద్యార్థికి రోల్ కేజ్ వెల్డింగు, చక్రాల కోణాలు సరిచేయడం, బ్రేకు వేడి కొలవడం, ఇవన్నీ పాఠం అయితే ఆ పని రేపు కిరాయి కారుకూ అంబులెన్సుకూ పనికొస్తుంది. తడి రోడ్డు మీద బండి జారితే ఏం చేయాలో మైదానంలో నేర్చుకున్న డ్రైవరు ఘాట్ మలుపులో ప్రయాణికులను కాపాడగలడు. టాక్సీ డ్రైవర్లకు ఏడాదికోసారి అక్కడ శిక్షణ ఇస్తే ఆ మైదానానికి పెట్టిన ఖర్చు ఊరికి తిరిగొస్తుంది.

ప్రభుత్వం చేయాల్సింది పెద్దదేం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా విధానాల్లో మోటారు క్రీడకు చోటివ్వాలి, ఉమ్మడి జిల్లాకొక ఆటోక్రాస్ మైదానం గుర్తించాలి, హైదరాబాద్, విజయవాడల మధ్య ఎక్కడో ఒకచోట ఏడాది పొడవునా తెరిచి ఉండే ఒక శాశ్వత ట్రాక్‌కు భూమి చూపాలి. కంపెనీలు చేయాల్సింది ఇంకా చిన్నది. తయారీ ఆపిన మోడళ్లకు రేసు విడిభాగాలు కొన్నేళ్లు అందుబాటులో ఉంచితే చాలు.

టాక్సీ స్టాండు కారుకీ రేసు కారుకీ దూరం ఎంత ఉండాలన్నదే ఈ సమీక్షలో తేలాల్సిన ప్రశ్న. ప్రాణాన్ని కాపాడే భాగాల్లో ఎంత దూరమైనా ఉండవచ్చు, ఉండి తీరాలి. మిగతా అన్నింట్లో ఊరి మెకానిక్ విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించగలిగినంత దగ్గరగా ఉండాలి. ఆ గీత పాటిస్తూ ఒక మైదానం, మూడు పాత సెడాన్లతో మొదలుపెట్టే జిల్లా, కోట్ల రూపాయల వీధి పండుగ కన్నా ఎక్కువ మంది డ్రైవర్లను, మెకానిక్కులను తెలుగు నేలకు ఇస్తుంది. ఆ మొదటి జిల్లా భద్రాద్రి కొత్తగూడెం కావడానికి కావలసిన చేతులు ఇక్కడే ఉన్నాయి.